ముద్ర పడని చదువు

కళ్ళకు గంతలు కట్టి నిలబెట్టినా, పన్నెండు వేల పుస్తకాల్లో ఏది అడిగితే అది వాసన చూసి తీసి ఇవ్వగల ఆడమనిషి ఒకామె ఉండేది. అట్ట వాసనను బట్టి ఏ ర్యాకులోదో, కాగితం వాసనను బట్టి ఎన్నో అరలోదో చెప్పేసేది. ఒకసారి ఆమెకు పడిశం పట్టి ముక్కు దిబ్బడ వేస్తే లైబ్రరీకి మూడు రోజులు సెలవిచ్చారు.

సరే, సెలవివ్వలేదు. గంతల మాట కూడా కొంచెం ఎక్కువే. పుస్తకాలు పన్నెండు వేలు కావు, తొమ్మిది వేల పైచిలుకు. కానీ కరెంటు పోయి లోపలి గది చీకటి గుయ్యారమైనప్పుడు, ఆమె కొవ్వొత్తి కూడా లేకుండా లోపలికి వెళ్ళి అడిగిన పుస్తకం పట్టుకొచ్చిన మాట నిజం. చూసినవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకరిద్దరు ఇంకా బతికే ఉన్నారు.

ఆమెను అందరూ నిచ్చెనమ్మ అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. ఇరవయ్యో ఏట అటెండరుగా చేరిన రోజున ఆమె చేతికిచ్చిన మొదటి వస్తువు నిచ్చెన. ఎనిమిది మెట్ల చెక్క నిచ్చెన. మూడో మెట్టు ఎప్పుడో విరిగితే ఇనపరేకు కొట్టించారు. దాన్ని భుజాన వేసుకుని ర్యాకుల మధ్య తిరుగుతుంటే, పుస్తకం కోసం వచ్చినవాళ్ళకు ముందు నిచ్చెన కనిపించి, ఆ తరువాత మనిషి కనిపించేది. కొందరికి మనిషి అసలు కనిపించేదే కాదు.

లైబ్రరీ ఒక సంఘానిది. మేడమెట్లు ఎక్కితే పెద్ద హాలు, అందులో నాలుగు పొడుగాటి టేబుళ్ళు, నలభై కుర్చీలు. వెనక గది నిండా ఇనప ర్యాకులు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే సభ్యత్వం ఉండాలి. సభ్యత్వం కావాలంటే పాత సభ్యులు ఇద్దరు పూచీ సంతకం పెట్టాలి. పెద్ద ఇళ్ళవాళ్ళ చేత పూచీ సంతకం పెట్టించుకోవడం ఎంత తేలికో అందరికీ తెలిసిందే. అందుచేత సభ్యులు నూట ఎనభైమంది ఉంటే, మిగతా జనమంతా హాల్లోనే కూర్చుని చదువుకుని, పుస్తకం టేబుల్ మీదే వదిలి వెళ్ళిపోయేవారు. దానికి సంతకం అక్కర్లేదు. ముద్ర కూడా అక్కర్లేదు.

ఈ ముద్ర సంగతి కాస్త చెప్పాలి. ప్రతి పుస్తకానికి వెనక అట్ట లోపల ఒక గళ్ళ కాగితం అతికించి ఉంటుంది. పుస్తకం ఇంటికి వెళ్ళినప్పుడల్లా, దాన్ని తిరిగి ఇవ్వవలసిన తేదీని ఆ కాగితం మీద ముద్ర కొడతారు. కాబట్టి ఆ కాగితం చూస్తే పుస్తకం ఎన్నిసార్లు గడప దాటిందో తెలిసిపోతుంది. గడప లోపల ఎన్నిసార్లు తెరిచారో మాత్రం ఏ కాగితమూ చెప్పదు.

అది చెప్పగలిగిన మనిషి ఒక్కతే. రోజూ సాయంత్రం ఆరున్నరకు గంట కొట్టాక, నాలుగు టేబుళ్ళ మీదా చెల్లాచెదురుగా పడి ఉన్న పుస్తకాలను పోగేసి, చేతుల మీద గడ్డం దాకా పేర్చుకుని, ఒక్కొక్కదాన్నీ దాని చోట పెట్టేది నిచ్చెనమ్మే. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అందుకే ఎవరు ఏం చదువుతున్నారో ఆమెకు చేతులతో తెలుసు.

మోటార్లకు తీగ చుట్టే మెకానిక్ ఒకడు మధ్యాహ్నం భోజనం వేళ వచ్చి, కరెంటు మోటార్ల పుస్తకం తీసుకుని మూడంటే మూడు పేజీలు చదివి వెళ్ళేవాడు. అతను గుమ్మంలో కనపడగానే నిచ్చెనమ్మ సబ్బు బిళ్ళ చేతిలో పెట్టేది. ఎంత రుద్దుకున్నా వేళ్ళ గీతల్లో గ్రీజు మిగిలే ఉండేది. ఆసుపత్రి ఆయా ఒకావిడ నర్సు పరీక్ష కట్టడానికి మనిషి శరీరం గురించిన లావుపాటి పుస్తకాన్ని ఎముక ఎముకా నేర్చుకుంటూ ఉండేది. ఇక సంచి ఆవిడ. నాలుగు గంటలకు బజారు నుంచి కూరగాయల సంచితో వచ్చి, సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఎప్పుడూ ఒకే నవల చదివేది. అది ఇంట్లో కనపడితే గొడవ. ఏం గొడవో ఆవిడ చెప్పలేదు, నిచ్చెనమ్మ అడగలేదు. రోజుకు ఇరవై పేజీలు చదివి, బస్సు టికెట్టు గుర్తు పెట్టి వెళ్ళేది. ఆ టికెట్టు కింద పడిపోకుండా పుస్తకం పెట్టడం నిచ్చెనమ్మ వంతు. నవల ఒకసారి అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. అప్పటికి మూడోసారి నడుస్తోంది.

ఇదంతా తెలిసిన మనిషికి అక్కడ కుర్చీ ఉండేది కాదు. లైబ్రేరియన్ పెద్దాయనకు ఒక కుర్చీ, ఆయన కింద పనిచేసే అసిస్టెంటుకు ఒక కుర్చీ. అసిస్టెంట్లు పదేళ్ళలో నలుగురు మారారు. నలుగురూ లైబ్రరీ సైన్సు చదివి వచ్చినవాళ్ళే. వచ్చిన కొత్తలో ఏ పుస్తకం ఎక్కడుందో తెలియక గుడ్లు తేలేసేవాళ్ళు. ఆమె చూపించేది. ఆరు నెలలకు నేర్చుకునేవాళ్ళు, ఏడో నెల నుంచి "ఏయ్ నిచ్చెనా" అని పిలిచేవాళ్ళు, రెండేళ్ళకు ఏ బ్యాంకులోనో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. నాలుగో అతను వెళ్ళేరోజున, సెలవు చెప్పడానికి హాలంతా తిరిగి అందరితోనూ చేతులు కలిపి, ఆమె చేతిలో మాత్రం ఒక బుట్టెడు చెత్తకాగితాలు పెట్టి వెళ్ళాడు. ఆ బుట్ట పారబోసి వచ్చాక ఆమె పెద్దాయన బల్ల ముందు నిలబడింది.

పెద్దాయన మరో రెండున్నరేళ్ళలో రిటైరవుతాడు. ఆ కుర్చీలో కూర్చోవాలంటే ఏం చదవాలో చెప్పమని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇన్నాళ్ళకు మొదటిసారి ఆమెను చూసినట్టు చూశాడు. సంఘం నిబంధన ప్రకారం లైబ్రరీ సైన్సు డిప్లొమా ఉండాలి, అందులో మొదటి తరగతి రావాలి. లోపలివాళ్ళెవరికైనా ఆ అర్హత ఉంటే ముందు వాళ్ళకే ఇవ్వాలి. దూరవిద్యలో రెండేళ్ళు. చదవగలవా అని అడిగాడు. ఆమె చదువుతానని చెప్పలేదు. దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

భర్త గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని రోజంతా వంగి కూర్చోవడం వల్ల అతనికి లోకమంతా చిన్న చిన్న పళ్ళచక్రాల్లాగే కనిపించేది. భార్య పాఠాలు చూసి సంబరపడ్డాడు. ప్రతి వస్తువుకూ అంకె వేసి అరలో పెడుతున్నారు కదా, మరి ఈ ఇంట్లో నన్ను ఏ అంకె కింద పెడతావని అడిగాడు.

"మిమ్మల్నా? వాడకంలో లేనివాటి కింద," అంది ఆమె, పుస్తకం లోంచి తలెత్తకుండా.

అతను రెండు రోజులు ఆ మాటనే దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వాడు. అతని అక్క మాత్రం నవ్వలేదు. ఆవిడ పక్క వీధిలోనే ఉండేది. రోజుకొకసారి వచ్చి, కుర్చీలో కూర్చుని, వంటింట్లో నిలబడి ఉన్న మరదలికి వినపడేలా తమ్ముడితో మాట్లాడేది. "ఏరా, నిచ్చెన దిగకుండానే కుర్చీ ఎక్కుదామని చూస్తోందట మీ ఆవిడ. మధ్యలో పడితే పట్టుకునేది నువ్వేగా, కాస్త తిండి తిను." నిచ్చెనమ్మ వదినకు టీ ఇచ్చి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళేది. అనాలనుకున్నవన్నీ పరీక్ష కాగితం మీద రాసింది.

మధ్యాహ్నాలు వెనక గదిలో నిచ్చెన రెండో మెట్టు మీద కూర్చుని చదివేది. తాను ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనులన్నింటికీ పేర్లున్నాయని అప్పుడే తెలిసింది. తప్పు చోట పెట్టిన పుస్తకాన్ని వెతికి సరైన చోట పెట్టడానికి ఒక పేరుంది. దుమ్ము దులపడానికి ఒక అధ్యాయమే ఉంది. ఏ పుస్తకం కొనాలి, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అనేదానికి సేకరణ నిర్వహణ అని పేరు. అందులో పన్నెండో పాఠం ఏరివేత. వాడకం లేని పుస్తకాలను ఎప్పటికప్పుడు తీసేస్తేనే ఉన్నవాటికి గాలి ఆడుతుందని అందులో ఉంది. ఆమెకు ఆ పాఠం నచ్చింది. ర్యాకుల్లో ఎలుకలు కొరికినవీ, కాలం చెల్లిన టైంటేబుళ్ళూ ఆమె మోయని రోజు లేదు మరి.

ఆదివారాలు క్లాసులు. రైలెక్కి ఒక కాలేజీకి వెళ్ళాలి. మొదటి రోజున మేడమ్ అందరినీ లేచి పరిచయం చేసుకోమంది. మేడమ్‌కు ముప్ఫై దాటి ఉండవు. క్లాసులో ఉన్నవాళ్ళు అంతకన్నా చిన్నవాళ్ళు. నిచ్చెనమ్మ లేచి, లైబ్రరీలో పనిచేస్తానని చెప్పి కూర్చోబోయింది. ఏ పోస్టులో అని మేడమ్ మామూలుగానే అడిగింది. కాన్వెంటు బడిలో సిస్టరమ్మ ముందు గోళ్ళు చూపించవలసి వచ్చిన పిల్లలా ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "స్టాకు సెక్షన్ చూస్తానండీ," అంది.

అబద్ధం కాదు. ఆ స్టాకంతా మోసేది ఆమే. కానీ ఆ రోజు నుంచి క్లాసులో ఆమె స్టాకు సెక్షన్ మేడమ్ అయింది. కుర్రవాళ్ళు సందేహాలు అడిగేవారు, ఏ లైబ్రరీలో ఎన్ని వేల పుస్తకాలుంటే ఎంతమంది సిబ్బంది ఉండాలని. ఆమె జవాబు చెప్పేది, వాళ్ళు రాసుకునేవారు. రైల్లో తిరిగి వస్తూ ఆ మాటలు తలుచుకునేది. సోమవారం పొద్దున నిచ్చెన ఎత్తుకున్నప్పుడు భుజం అంతకుముందు కన్నా ఎక్కువ నొప్పి పుట్టేది.

చివరి ఏడాది ప్రాజెక్టు రాయాలి. దానికి వచ్చే మార్కులతోనే మొదటి తరగతి వస్తుందో పోతుందో తేలుతుంది. ఆమె తీసుకున్న అంశం తన లైబ్రరీలో పుస్తకాల వాడకం. పద్ధతి పాఠంలోనే ఉంది. ప్రతి పుస్తకం తెరిచి, వెనక కాగితం మీద గడిచిన పదేళ్ళలో ఎన్ని ముద్రలు పడ్డాయో లెక్కపెట్టి రాయాలి. అంత పని ఎవరూ చెయ్యరు, వందకు పది చొప్పున చూసి సరిపెడతారు. ఆమె మొత్తం తొమ్మిది వేల రెండు వందల నలభై పుస్తకాలూ తెరిచింది. రెండున్నర నెలలు పట్టింది. ఆ రెండున్నర నెలల్లో నిచ్చెన ఎక్కి దిగిన మెట్లన్నీ కలిపితే చంద్రమండలం దాకా వెళ్ళి, అక్కడ దుమ్ము దులిపి, తిరిగి రావచ్చు.

పదేళ్ళలో ఒక్క ముద్రా పడని పుస్తకాలు ఆరువేల నూటపది తేలాయి.

మోటార్ల పుస్తకం ఆ లెక్కలోనే ఉంది. వెనక కాగితం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. లోపల ప్రతి పేజీ అంచూ గ్రీజుతో నల్లబడి ఉంది. ఎముకల పుస్తకానికి ముద్ర లేదు. సంచి ఆవిడ నవలకు ఒకే ఒక్క ముద్ర, అదీ పదకొండేళ్ళ కిందటిది. లెక్కలోకి రాదు.

ఆమె ఆ మూడు పుస్తకాలూ ముందు పెట్టుకుంది. తరువాత కలం తీసి మూడు పేజీలు రాసింది. హాలులో చదువు అని శీర్షిక పెట్టింది. సాయంత్రం టేబుళ్ళ మీద రోజుకు ఎన్ని పుస్తకాలు దొరుకుతాయి, వాటిలో ఏవి మళ్ళీ మళ్ళీ దొరుకుతాయి, వాటిని చదివేవాళ్ళు ఎందుకు ఇంటికి తీసుకెళ్ళలేరు, అన్నీ ఉన్నాయి. మొత్తం ప్రాజెక్టులో పుస్తకం చూడకుండా రాసిన మూడు పేజీలు అవే.

మేడమ్ చిత్తుప్రతి చదివి, ఆ మూడు పేజీల పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టింది. ఆదివారం క్లాసయ్యాక పిలిచి, ఆ పేజీ తెరిచి చూపించింది. చుట్టూ ఇంకా నలుగురైదుగురు ఉన్నారు.

"ఇవన్నీ ఎవరు గమనించారండీ?"

నిచ్చెనమ్మ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. నేనే గమనించానంటే, ఎప్పుడు అని అడుగుతుంది. టేబుళ్ళు తుడిచేటప్పుడు అని చెప్పాలి.

"మా అటెండరు చెప్పిందండీ," అంది.

"అటెండరు నోటిమాట డేటా కాదు కదండీ. ఒక నెల రోజులు లెక్క పెట్టించి పట్టిక వెయ్యండి, చాలా బాగుంటుంది. లేదా తీసెయ్యండి."

"తీసేస్తానండీ. నిజమే, వాళ్ళకేం తెలుస్తుంది."

ప్రాజెక్టు ఇవ్వడానికి తొమ్మిది రోజులే గడువుందనీ, నెల లెక్క పెట్టాలంటే ఆరు నెలలు వెనకబడి వచ్చే జట్టుతో పరీక్ష రాయాలనీ, ఈలోగా పెద్దాయన రిటైరయితే కుర్చీ బయటివాళ్ళకు పోతుందనీ ఆమె రైల్లో తనకు తాను చెప్పుకుంది. అన్నీ నిజాలే. అన్నీ ఆ మాట అనేశాక గుర్తొచ్చినవి. ఇంటికి వచ్చి మూడు పేజీలూ తీసేసి, వాటి బదులు ముప్ఫై నాలుగో పేజీలో ఒక్క వాక్యం చేర్చింది: హాలులో జరిగే పఠనానికి విశ్వసనీయమైన ఆధారాలు లేనందున దానిని పరిగణించలేదు.

మొదటి తరగతి వచ్చింది. ప్రాజెక్టుకు ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ మార్కులు. భర్త దుకాణం మూసి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. వదిన వచ్చి, సర్టిఫికెట్టును కిటికీ వెలుతురులో పెట్టి ముందూ వెనకా చూసి, ఈసారి తనే వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుంది.

ఉద్యోగం కోసం పెట్టుకున్న దరఖాస్తుకు నిచ్చెనమ్మ ప్రాజెక్టు కూడా జత చేసింది, నీలం అట్ట వేయించి. ఎవరూ అడగలేదు. తానెంత పని చేసిందో చూస్తారని పెట్టింది.

సంఘం అధ్యక్షుడు టైల్స్ వ్యాపారి. ఏం చెప్పినా శాస్త్రీయంగా చెబుతున్నానని మొదలుపెట్టే మనిషి. అరటిపండు ఒలిచేటప్పుడు కూడా శాస్త్రీయంగానే ఒలుస్తాడని గిట్టనివాళ్ళు అనేవారు. హాలును రెండుగా చేసి ఒక సగంలో పోటీ పరీక్షల కోచింగ్ పెట్టించాలని ఆయనకు మూడేళ్ళుగా కోరిక. ప్రతి సమావేశంలోనూ పెద్దాయన అడ్డం పడేవాడు. ముందు ఏ పుస్తకాలు పనికిరావో చూపించండి, తరువాత చోటు సంగతి మాట్లాడదాం అనేవాడు. అది చూపించడం ఎవరి వల్లా కాదని పెద్దాయన ధీమా.

పెద్దాయన రిటైరైన నెలలో సమావేశం జరిగింది. అధ్యక్షుడు నీలం అట్ట పుస్తకం ఎత్తి అందరికీ చూపించాడు. మన ఇంటి మనిషి, చదువుకుని మరీ లెక్క తేల్చిందన్నాడు. మూడింట రెండు వంతుల పుస్తకాలను పదేళ్ళుగా ఎవరూ ముట్టలేదని చదివి వినిపించాడు. తీర్మానాలు రెండూ ఒకేసారి అయ్యాయి. నిచ్చెనమ్మ లైబ్రేరియన్. ఆమె మొదటి పని ఆ ఆరువేల పుస్తకాల ఏరివేత.

అలా ఆమె కుర్చీలో కూర్చుంది. మెత్తటి కుర్చీ, చేతులు పెట్టుకునే చోట పెద్దాయన మోచేతులు అరగదీసిన గుంటలున్నాయి. కూర్చుని, కట్టలు కట్టలుగా తెచ్చి ముందు పెడుతున్న పుస్తకాల మొదటి పేజీ మీద తొలగించడమైనది అని ముద్ర కొట్టింది. జీవితంలో మొదటి ముద్ర ఆ పుస్తకాల్లో చాలావాటికి అదే.

మోటార్ల పుస్తకాన్ని సొరుగులో దాచింది. రెండు రోజుల తరువాత అధ్యక్షుడి గుమాస్తా జాబితాతో సరిచూసి, ఒకటి తగ్గిందని చెప్పాడు. ఆమె తన లెక్క తప్పేమో చూడమంది. అతను మర్యాదగానే, జాబితా మీదేనండీ, మీ చేతిరాతే అన్నాడు. ఆమె సొరుగు తెరిచి ఇచ్చేసింది.

ముద్ర పడిన కట్టలన్నీ మేడమెట్ల పక్కన గోడ వారగా పేర్చారు. కాగితాల బండివాడు శనివారం వస్తానన్నాడు. గురువారం నాలుగు గంటలకు సంచి ఆవిడ వచ్చింది. కట్టల పక్కనుంచే మెట్లెక్కి, సంచిని కాళ్ళ దగ్గర పెట్టబోయి, కోచింగ్ గోడ కోసం టేబుల్ తీసేసి ఉండటంతో చేత్తోనే పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. కాసేపటికి కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ఆ పుస్తకం కనపడట్లేదమ్మా. ఎవరైనా తీసుకెళ్ళారా?"

"ఎవరూ తీసుకెళ్ళలేదు," అంది నిచ్చెనమ్మ.

"మరి ఏమైంది?"

"ఎవరూ తీసుకెళ్ళలేదనే తీసేశారు."

సంచి ఆవిడకు అర్థం కాలేదు. తాను రోజూ చదువుతూనే ఉందిగా అంది. నువ్వే కదమ్మా టికెట్టు పడిపోకుండా పెట్టేదానివి, నీకు తెలుసుగా అంది. ఇంకో నూట పది పేజీలున్నాయి, అదేం కొత్త కాదులే, ఏమవుతుందో తెలుసు, అయినా పూర్తయితే బాగుండేది అని, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు గొణిగింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని మెట్లు దిగింది. దిగేటప్పుడు కట్టల మీద చెయ్యి ఆన్చి దిగింది. తన పుస్తకం ఆ కట్టల్లోనే ఉందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే నిచ్చెనమ్మ టైల్స్ దుకాణానికి వెళ్ళింది. బండి రావడానికి ఇంకా ఒక రోజుంది. అధ్యక్షుడు కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోకుండానే చెప్పింది. ఆ పుస్తకాలను జనం చదువుతారని, ఇంటికి తీసుకెళ్ళే వీలు లేక హాల్లో చదువుతారని, కనీసం రెండు వేలు వెనక్కి పెట్టాలని, ఏవేవో తాను ఏరి ఇస్తానని చెప్పింది. ఆయన అంతా విన్నాడు. సొరుగులోంచి నీలం అట్ట పుస్తకం తీసి, ముప్ఫై నాలుగో పేజీ తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనేనండీ. కానీ అక్కడ మూడు పేజీలుండాలి. తీసేశాను."

"శాస్త్రీయంగా మాట్లాడుకుందామమ్మా. ఈ రిపోర్టు తప్పంటారా? తప్పయితే చెప్పండి, బండి ఆపేస్తాను. తప్పుడు రిపోర్టుకు మార్కులెలా వేశారని యూనివర్సిటీకి ఒక ముక్క రాయాలి. ఆ మార్కులు చూసే కదా మిమ్మల్ని తీసుకున్నాం. అదీ మళ్ళీ చూసుకోవాలి. ఒక్క మాట చెప్పండి. తప్పా?"

బెదిరిస్తున్నట్టు లేదు. నిజంగానే అడుగుతున్నట్టున్నాడు. దుకాణం గోడకు ఆనించిన టైల్స్ అన్నింటిలోనూ ఆమె ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. అవును తప్పే అంటే బండి ఆగుతుంది. సోమవారం నుంచి మళ్ళీ నిచ్చెన. క్లాసులో ఆ కుర్రవాళ్ళకు తెలుస్తుంది, మేడమ్‌కు తెలుస్తుంది, అటెండరు చెప్పిందని చెప్పినది అటెండరేనని. వదిన మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంటుంది.

ఆయన కుర్రాణ్ణి పిలిచి టీ తెమ్మన్నాడు. టీ వచ్చింది. ఆమె తాగలేదు.

"తప్పేం లేదండీ," అంది.

శనివారం బండి వచ్చింది. ఒకసారి సరిపోక మళ్ళీ రెండుసార్లు వచ్చింది. తాళ్ళు బిగించడం రాక కాగితాలవాడు అవస్థ పడుతుంటే, ఆమె కుర్చీలోంచి లేచి వెళ్ళి, జారకుండా ఎలా పేర్చాలో చూపించింది. అది ఆమెకు బాగా తెలిసిన పని.

తరువాత పదకొండేళ్ళు లైబ్రేరియన్‌గా చేసింది. హాలుకు అడ్డంగా చెక్క గోడ వచ్చింది. అవతల కోచింగ్ మాస్టర్ల గొంతులు, ఇవతల మూడువేల పుస్తకాలు. నిచ్చెన అవసరం పడలేదు. అందరూ ఆమెను మేడమ్ అనేవారు. మెకానిక్ ఒకసారి గుమ్మం దాకా వచ్చి, చేతులు కడుక్కునే చోట ఇప్పుడు నోటీసు బోర్డు ఉండటం చూసి వెళ్ళిపోయాడు. ఆయా పరీక్ష కట్టిందో లేదో తెలియదు. పట్టణంలో మోటార్లు కాలిపోతే ఇప్పుడు కొత్తవి కొంటున్నారని విన్నాం.

సభ్యత్వానికి ఒక్క సంతకం చాలని ఆమె నిబంధన మార్పించింది. ఆ తరువాత కొత్తగా చేరినవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళకు కావలసిన పుస్తకాలు అక్కడ లేవు.

ఈ మధ్య ఆమె ఉన్నచోటే ఈ కథంతా మొదటి నుంచి చివరిదాకా మేం చెప్పాం. ఆమె తల వంచుకుని విన్నది. సంచి ఆవిడ దగ్గరికి వచ్చేసరికి చేతిలో గ్లాసు కింద పెట్టింది. అంతా అయ్యాక భర్త, ఎప్పటిలాగే, నిజమేనా అన్నట్టు ఆమె వైపు చూశాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు," అందామె. "మూడు పేజీలేమిటి, నేనెప్పుడూ రాయలేదు. సంచి ఆవిడెవరో నాకు తెలీదు. టైల్స్ కొట్టుకు నేను జన్మలో వెళ్ళలేదు. ఆ హాల్లో కూర్చుని చదివినవాళ్ళు ఎవరూ లేరు. ఉంటే నాకు తెలిసేది కదా."